సిలికాన్‌కు తగిలే దెబ్బ

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో అనీలింగ్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఉక్కు ఊరు కదా! రోలింగ్‌లో నలిగి గట్టిపడ్డ రేకును కొలిమిలో వేడిచేసి మెల్లగా చల్లారిస్తే, లోపల చెదిరిన పరమాణువుల వరస సర్దుకుని రేకు మళ్లీ వంగుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో సిలికాన్ సెన్సర్ల గురించి మాట్లాడేటప్పుడూ ఇదే మాట వాడతారు. అయితే అక్కడ కొలిమి కంటే శీతలయంత్రానికే పని ఎక్కువ.

అక్కడి యంత్రం ప్రోటాన్లను ఢీకొట్టించినప్పుడు చిమ్మే కణాలను పట్టే సీఎంఎస్ డిటెక్టర్‌లో మన దేశపు సెన్సర్లున్నాయి. భాభా అణు పరిశోధనా కేంద్రం (బార్క్) శాస్త్రవేత్తల రూపకల్పనతో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైన సుమారు 1000 సిలికాన్ పలకలు ప్రీషవర్ అనే భాగంలో చేరాయి. ఒక్కో పలక 6.3 సెంటీమీటర్ల చదరం, మందం 0.32 మిల్లీమీటరు. దాని మీద 32 పట్టీలుంటాయి. ఒక కణం దూసుకుపోతే దారిలో సుమారు 24 వేల ఎలక్ట్రాన్లు విడివడతాయి. పలకకు పెట్టిన వోల్టేజీ వాటిని లాక్కుంటుంది, అదే సంకేతం.

ఎలక్ట్రాన్లు కదిలినందువల్ల స్ఫటికానికి నష్టమేమీ లేదు. కణం నేరుగా సిలికాన్ కేంద్రకాన్ని ఢీకొంటేనే చిక్కు. సుమారు 25 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందితే చాలు, పరమాణువు తన చోటు నుంచి ఎగిరిపోతుంది. బంతి భోజనంలో ఒకరిని లేపేశారనుకోండి. ఇక్కడ ఒక విస్తరి ఖాళీ, అక్కడ వరసల మధ్య ఒక మనిషి నిలబడి దారికి అడ్డం. వడ్డించేవాళ్లు ఎవరికి తగులుతారో చెప్పలేం.

సెన్సర్‌లోనూ అంతే. ఖాళీల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుని సంకేతం పలచబడుతుంది. కణమేదీ రాకున్నా లీకేజీ కరెంటు పారుతుంది, దాంతో పలక వేడెక్కుతుంది, వేడికి కరెంటు ఇంకా పెరుగుతుంది. మోతాదు మరీ ఎక్కువైతే ఎన్-రకం సిలికాన్ పీ-రకంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి దెబ్బ పెరిగినకొద్దీ మునుపటి పనికే ఎక్కువ వోల్టేజీ పెట్టాల్సి వస్తుంది.

ఉష్ణోగ్రత 7 డిగ్రీలు తగ్గినప్పుడల్లా లీకేజీ కరెంటు దాదాపు సగమవుతుంది. అందుకే 2018లో సీఎంఎస్‌లో కణాల దారిని గుర్తించే ట్రాకర్‌ను చల్లబరిచే ద్రవాన్ని మైనస్ 20 డిగ్రీలకు దించారు. చలికి ఇంకో కారణం కూడా ఉంది, అసలు కథ అదే. కొన్ని రోజులు గది వేడిలో ఉంచితే కొన్ని లోపాలు సర్దుకుని సిలికాన్ కోలుకుంటుంది. నెలల తరబడి ఉంచితే మిగిలిన లోపాలు కదిలి, ఒకదానితో ఒకటి కలిసి, కావలసిన వోల్టేజీని మళ్లీ పెంచుతాయి. ఉక్కుకు మందైన వేడి ఇక్కడ మోతాదు దాటితే విషం. యంత్రం ఆగి మరమ్మతులు నడిచే రోజుల్లోనూ సెన్సర్లు ఎన్ని రోజులు వెచ్చగా ఉన్నాయో లెక్క రాసిపెట్టుకునేది అందుకే.

బిర్సానగర్‌కు కాస్త దూరంలోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున సాహా ఇన్‌స్టిట్యూట్ 2017లో ఒక ప్రయోగశాల తెరిచింది. కృష్ణపదార్థం కోసం వెతికే అక్కడివాళ్లకు ఆకాశం నుంచి కురిసే కణాలు తగలకపోవడమే కావాలి, అందుకే అంత రాతిపొరను గొడుగులా వాడుకుంటున్నారు. అదే సంస్థ సీఎంఎస్‌లోనూ సభ్యురాలు. అక్కడ కణాల వాన కురిస్తేనే పని.

ఆ వాన ఇంకా పెరగబోతోంది. సెర్న్ యంత్రపు రాబోయే అధిక తీవ్రత దశ కోసం, కణాల శక్తిని కొలిచే కొత్త క్యాలరీమీటర్ సుమారు 620 చదరపు మీటర్ల సిలికాన్‌తో సీఎంఎస్‌కు సిద్ధమవుతోంది. అది మైనస్ 35 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. దెబ్బ ఎక్కువ తగిలే చోట 0.12 మిల్లీమీటరు మందమున్న పలకలు పెడుతున్నారు, ఎలక్ట్రాన్లకు దారి తగ్గితే చిక్కుకునే అవకాశమూ తగ్గుతుందని. అది అమరేది ఇప్పుడు ప్రీషవర్ ఉన్న చోటే. అప్పుడు బెంగళూరు పలకలు అక్కడి నుంచి దిగుతాయి.