నెలసరి నిలిచాక... థైరాయిడ్‌ లెక్క తప్పొద్దు

ఒళ్లు బరువెక్కుతోంది. కాస్త పనికే నీరసం ముంచుకొస్తోంది. మలబద్ధకం, జుట్టు రాలటం, మతిమరుపు! యాభై దాటిన మహిళలు చాలామంది వీటిని ‘ఈ వయసులో మామూలేలే’ అని సరిపెట్టుకుంటుంటారు. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. నిజానికి ఇవన్నీ థైరాయిడ్‌ హార్మోన్‌ తగ్గినా కనిపిస్తాయి. అలాగే చెమటలు, గుండెదడ, చిరాకు, నిద్ర పట్టకపోవటం నెలసరి నిలిచే సమయంలోనూ ఉంటాయి, థైరాయిడ్‌ హార్మోన్‌ ఎక్కువైనా ఉంటాయి. లక్షణాలను చూసి ఏది దేనివల్లో చెప్పటం డాక్టర్లకూ కష్టమే. తేల్చేది రక్తపరీక్షే.

గుండెకేంటి సంబంధం?

నెలసరి వస్తున్నంత కాలం ఈస్ట్రోజెన్‌ గుండెకు, రక్తనాళాలకు కొంత కాపు కాస్తుంది. అది తగ్గాక ఎల్‌డీఎల్‌ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ పెరుగుతుంది. కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. మన మహిళల్లో నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరిగినట్టే. థైరాయిడ్‌ మందగించటమూ వయసు పైబడిన మహిళల్లోనే ఎక్కువ. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం లాగేసుకోవాలంటే థైరాయిడ్‌ హార్మోన్‌ సాయం కావాలి. అది తగ్గితే కొలెస్ట్రాల్‌ రక్తంలోనే పేరుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీలో కింది అంకె పెరుగుతుంది. అంటే గుండెకు రెండు వైపుల నుంచీ దెబ్బ.

కొలెస్ట్రాల్‌ మాత్రలకు ముందే...

కొత్తగా కొలెస్ట్రాల్‌ పెరిగినట్టు తేలితే టీఎస్‌హెచ్‌ పరీక్ష కూడా చేయించుకోండి. థైరాయిడ్‌ బాగా తగ్గినవారిలో దాన్ని సరిచేస్తే కొలెస్ట్రాల్‌ కూడా తగ్గుముఖం పడుతుంది. పైగా థైరాయిడ్‌ లోపాన్ని గుర్తించకుండా స్టాటిన్లు మొదలుపెడితే కండరాల నొప్పులు, కండరం దెబ్బతినే ముప్పు ఎక్కువ. అయితే మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ఇప్పటికే వేసుకుంటున్న స్టాటిన్లను సొంతంగా మానొద్దు.

అంకె పెరిగిన ప్రతివారికీ మాత్ర అక్కర్లేదు

టీఎస్‌హెచ్‌ కాస్త పెరిగి, టీ4 మామూలుగానే ఉంటే అది తొలిదశ లోపం. టీఎస్‌హెచ్‌ 10 దాటితే సాధారణంగా చికిత్స గురించి ఆలోచిస్తాం. అంతకు తక్కువుంటే వయసు, యాంటీబాడీలు, కొలెస్ట్రాల్‌, లక్షణాలు అన్నీ చూసి నిర్ణయిస్తాం. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే అంకె దానంతటదే సర్దుకోవటమూ చూస్తుంటాం. ఐరోపాలో 65 ఏళ్లు దాటి, తొలిదశ లోపం ఉన్న 737 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మాత్రలతో వారి నీరసం, ఇతర లక్షణాలు ప్రత్యేకంగా తగ్గలేదు.

ఎక్కువైనా ముప్పే

మా ఓపీలో తరచూ కనిపించేదిది. అయిదారేళ్ల కిందట రాసిన చీటీ. అదే మోతాదు. మధ్యలో ఒక్క పరీక్షా ఉండదు. కొందరు బరువు తగ్గుతామని సొంతంగా మోతాదు పెంచుకుంటారు కూడా. ఇది ప్రమాదకరం. థైరాయిడ్‌ లోపంతో పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరే. మాత్ర ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 60 ఏళ్లు పైబడినవారిని పదేళ్ల పాటు గమనించారు. టీఎస్‌హెచ్‌ బాగా పడిపోయినవారికి గుండె లయ తప్పే ముప్పు మూడు రెట్లు ఎక్కువని 1994లో బయటపెట్టారు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, మెదడుకు చేరితే పక్షవాతం రావొచ్చు. నెలసరి నిలిచాక ఎలాగూ గుల్లబారే ఎముకలు మరింత బలహీనపడతాయి.

మాత్ర వేసుకునే తీరు

• పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, టిఫిన్‌ వద్దు.

• క్యాల్షియం, ఐరన్‌ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాలి. వెంటనే వేసుకుంటే థైరాయిడ్‌ మందు ఒంటికి సరిగా పట్టదు.

• మోతాదు మార్చిన 6-8 వారాలకు టీఎస్‌హెచ్‌ పరీక్ష చేయించుకోవాలి. కుదురుకున్నాక ఏడాదికోసారి చాలు.

• జుట్టు కోసం బయోటిన్‌ వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. లేకపోతే ఫలితం తప్పుగా రావొచ్చు.

• గుండెజబ్బు ఉంటే ముందే చెప్పండి. వీరికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచుతాం.

గుండె అదేపనిగా దడదడలాడుతున్నా, లయ తప్పినట్టు అనిపించినా వెంటనే డాక్టర్‌ను కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పటం ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్‌ చేయండి. మీ అమ్మగారో అత్తగారో ఏళ్లుగా థైరాయిడ్‌ మాత్ర వేసుకుంటున్నారా? ఈ వారం ఒక్కసారి వారి పాత చీటీ తీసి చూడండి. చివరి టీఎస్‌హెచ్‌ పరీక్ష జరిగి ఏడాది దాటితే మళ్లీ చేయించండి.