దారి చూపే తోడు కావాలా?

బైకు మీద దూరాలు తిరిగేవాళ్ల సంఖ్య పెరుగుతోంది. వాళ్లతోపాటే హ్యాండిల్ మీద వెలిగే చిన్న తెరలూ పెరుగుతున్నాయి. ఫోన్ చాలా? ప్రత్యేకంగా జీపీఎస్ పరికరం కొనాలా? కొంటే ఏం చూసి కొనాలి?

బైకుంది. భుజానికి బ్యాగుంది. నలుగురు స్నేహితులున్నారు. నాలుగు రోజులు సెలవూ దొరికింది. ఇంకేం కావాలి? దారి తెలియాలి!

ఒకప్పుడు కూడలిలో బండాపి 'అన్నా, మారేడుమిల్లికి ఎటు పోవాలి?' అంటే సరిపోయేది. ఇప్పుడా ప్రశ్న ఫోన్‌ని అడుగుతున్నారు. ఊళ్లో తిరిగినంతసేపూ అది చక్కగానే చెబుతుంది. ఘాట్‌రోడ్డు ఎక్కాకే అసలు కథ మొదలవుతుంది. నెట్ రాదు. వాన మొదలవుతుంది. తడిసిన గ్లవ్స్‌తో ఎంత నొక్కినా తెర మాట వినదు. ఎండాకాలమైతే ఇంకో తంటా... ఫోన్ వేడెక్కి దానంతటదే మసకబారిపోతుంది. ఛార్జింగు కూడా ఆగిపోతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని దాని తయారీ సంస్థే చెబుతోంది. మే నెలలో విజయవాడ నుంచి బయల్దేరేవాడికి ఆ 35 డిగ్రీలు ఉదయం టిఫిను వేళకే దాటిపోతాయి!

ఇంకో ముప్పు కూడా ఉంది. శక్తిమంతమైన బైకు ఇంజిన్ల నుంచి వచ్చే కంపనాల వల్ల ఐఫోన్ కెమెరా దెబ్బతినే అవకాశం ఉందని ఆపిల్ 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. ఫొటో కదలకుండా చూసేందుకు కెమెరాలో అమర్చిన సున్నితమైన భాగాలు ఆ అదురుకి తట్టుకోలేవట. అందుకే ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌కి బిగించకుండా మధ్యలో కంపనాల్ని తగ్గించే డ్యాంపర్ పెట్టుకోవాలి.

నెట్ లేకపోతే జీపీఎస్ రాదా?

చాలామంది పడే పొరపాటు ఇదే. సిమ్ కార్డుకీ జీపీఎస్‌కీ సంబంధం లేదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో 30కి పైగా అమెరికా ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఒక్కో దాంట్లో అణు గడియారాలుంటాయి. అవి 'ఇప్పుడు సమయం ఇంత, నేను ఇక్కడున్నాను' అని నిరంతరం సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఆ సంకేతం మన చేతిలోని పరికరాన్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు చాలు. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి అలా అందితే మనం ఎక్కడున్నామో పరికరం లెక్క కట్టేస్తుంది. గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అంత పక్కా వ్యవహారం అది. దీనికి నెలనెలా కట్టాల్సిన బిల్లేమీ లేదు.

2000 సంవత్సరం దాకా మామూలు జనానికి అందే సంకేతాల్లో అమెరికా కావాలనే కొంత తప్పు కలిపేది. ఆ ఏడాది మేలో దాన్ని ఆపేసింది. వాహనాల్లో జీపీఎస్ జోరందుకున్నది ఆ తరవాతే. ఇప్పుడు రష్యా గ్లొనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ కూడా తోడయ్యాయి. మనకూ నావిక్ ఉంది. దాని తొలి ఉపగ్రహం 2013 జులైలో మన శ్రీహరికోట నుంచే నింగికెగసింది. ఎక్కువ వ్యవస్థల సంకేతాలు అందుకోగలిగే పరికరమైతే లోయల్లో, ఎత్తైన భవనాల మధ్య తడబాటు తక్కువ.

మరి నెట్ లేని చోట ఫోన్ ఎందుకు చేతులెత్తేస్తోంది? అక్కడ లేనిది జీపీఎస్ కాదు, మ్యాపు! ఫోన్ దాన్ని ఎప్పటికప్పుడు నెట్ నుంచి దింపుకుంటుంది. బయల్దేరే ముందే ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాపు దింపి పెట్టుకుంటే సగం బెంగ తీరినట్టే. గూగుల్ మ్యాప్స్‌లో ఆ సౌకర్యం ఉంది. కాకపోతే అలా దింపిన మ్యాపులకు గడువుంటుంది, అప్‌డేట్ చేస్తుండాలి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ వివరాలూ రావు. ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఆప్‌లు మొత్తం రాష్ట్రాల మ్యాపుల్ని ఫోన్‌లోనే దాచుకుంటాయి. వీటికి ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ మ్యాపును ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులే గీస్తున్నారు.

ప్రత్యేక పరికరం ఎందుకంటే...

ఫోన్‌లో ఇన్ని ఉండగా వేల రూపాయలు పోసి వేరే పరికరం ఎందుకు? దాన్ని బైకు కోసమే తయారుచేస్తారు కాబట్టి. ఈ రంగంలో పెద్ద పేరు గార్మిన్. 1989లో గ్యారీ బరెల్, మిన్ కావ్ కలిసి పెట్టిన సంస్థ ఇది. ఇద్దరి పేర్లూ కలిపితే గార్మిన్. వీళ్ల 'జూమో' పరికరాలు బైకుల కోసం ఉద్దేశించినవే. 2020లో వచ్చిన జూమో ఎక్స్‌టీ తెర అయిదున్నర అంగుళాలు. 2023లో వచ్చిన ఎక్స్‌టీ2 తెర ఆరంగుళాలు. వానకు తడవవు, గ్లవ్స్‌తో నొక్కినా పలుకుతాయి, ఎండలోనూ కనిపిస్తాయి. ఎక్స్‌టీ2 అమెరికాలో విడుదలైనప్పుడు ధర దాదాపు 600 డాలర్లు. అంటే ఓ పాత బైకు ధర!

అంత అక్కర్లేదనుకునేవాళ్లకు మధ్యే మార్గం ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో 'ట్రిప్పర్' అనే చిన్న గుండ్రటి తెరను తెచ్చింది. ఎటు తిరగాలో బాణం గుర్తుతో చూపిస్తుంది. 2023లో వచ్చిన హిమాలయన్ 450లో నాలుగంగుళాల గుండ్రటి తెర మీద మ్యాపే కనిపిస్తుంది. బ్రిటన్‌కు చెందిన బీలైన్ అమ్మేదీ ఇలాంటి చిన్న గుండ్రటి పరికరమే. అయితే ఇవేవీ సొంతంగా దారి వెతకవు. లెక్కంతా జేబులో ఉన్న ఫోనే చేసిపెట్టాలి. ఫోన్ ఆగితే ఇవీ ఆగిపోతాయి.

షాపులో ఏం చూడాలి?

తెర: షోరూమ్ లైట్ల కింద అన్నీ బాగానే మెరుస్తాయి. బయటికి తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూడాలి. మీ గ్లవ్స్ వెంట తీసుకెళ్లి వాటితోనే నొక్కి చూడాలి.

నీళ్లు: ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా తట్టుకుంటుందని అర్థం. మన వానలకు అది చాలు. అయితే ఛార్జింగు తీగ పెట్టే చోట మూత తీస్తే ఆ రక్షణ ఉంటుందో లేదో అడగాలి.

కరెంటు: రోజంతా తెర వెలగాలంటే లోపలి బ్యాటరీ చాలదు. బండి బ్యాటరీ నుంచే తీసుకోవాలి. తీగలో ఫ్యూజ్ తప్పనిసరి. తాళం తీస్తే కరెంటు ఆగిపోయేలా మెకానిక్‌తో కనెక్షన్ ఇప్పించాలి. లేదంటే రాత్రంతా అది కరెంటు లాగేసి, తెల్లారేసరికి బండి స్టార్టవదు.

బిగింపు: పరికరం ఎంత ఖరీదైనదైనా దాన్ని పట్టుకునే క్లాంపు నాసిరకమైతే గోతిలో పడగానే చేజారుతుంది. చూపు రోడ్డు మీంచి ఎక్కువ కిందికి దిగకుండా స్పీడోమీటరు దగ్గర్లో బిగించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తల దించితే బండి 33 మీటర్లు చూడకుండా పోయినట్టే!

మాట: అసలు తెర చూడకుండా వినడమే మేలు. హెల్మెట్‌లో బ్లూటూత్ స్పీకర్లుంటే 'రెండు వందల మీటర్ల తరవాత ఎడమవైపు' అని చెవిలో చెబుతుంది. శబ్దం మాత్రం వెనకొచ్చే లారీ హారన్ వినపడేంత తక్కువలోనే ఉండాలి.

దారి ఎంపిక: 'దగ్గర దారి' అన్న సెట్టింగు ప్రమాదకరం. రెండు కిలోమీటర్లు మిగల్చడం కోసం చేలగట్ల మీదికి పంపిస్తుంది. మట్టిరోడ్లు వద్దని ముందే చెప్పే వీలుండాలి. అలాగే జీపీఎక్స్ ఫైళ్లు తీసుకోగలగాలి. ఇదివరకు వెళ్లొచ్చినవాళ్ల దారిని అడుగుజాడల్లా అందించే ఫైళ్లివి. జట్టుగా వెళ్లేటప్పుడు అందరి దగ్గరా ఒకే ఫైలుంటే ఒకరు వెనకబడినా తప్పిపోరు.

అన్నయ్య అమెరికా నుంచి తెస్తున్నాడా?

తెలుగిళ్లలో ఎలక్ట్రానిక్ వస్తువులు అమెరికా సూట్‌కేసులో రావడం మామూలే. జీపీఎస్ విషయంలో మాత్రం రెండు జాగ్రత్తలు. మొదటిది, అక్కడ అమ్మే పరికరాల్లో మామూలుగా అక్కడి మ్యాపులే ఉంటాయి. ఇండియా మ్యాపు విడిగా కొనుక్కోవాలి లేదా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా దొరికేది ఎక్కించుకోవాలి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా కనుక్కోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. సెల్ టవర్లు లేని చోటి నుంచి కూడా ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపే పరికరాలున్నాయి. గార్మిన్ ఇన్‌రీచ్ అలాంటిదే. విదేశాల్లో పర్వతారోహకులు ప్రాణాధారంగా భావిస్తారు. మనదేశంలో మాత్రం ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడం నేరం. వాటితో విమానాశ్రయాల్లో దొరికిపోయి విదేశీ పర్యటకులు చిక్కుల్లో పడిన ఘటనలు 2024, 2025ల్లో జరిగాయి. దారి చూపేవాటికి ఈ ఇబ్బంది లేదు. అవి సంకేతాలు అందుకుంటాయే తప్ప ఉపగ్రహాలకు ఏమీ పంపవు. కాబట్టి పెట్టె మీద పేరు చూసి కాదు, లోపల ఏముందో చూసి తెప్పించుకోవాలి.

చెప్పిందల్లా వినొద్దు!

2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లాలో రాత్రివేళ మ్యాపు చూస్తూ వెళ్లిన ఓ లారీ నేరుగా గౌరవెల్లి జలాశయం నీళ్లలోకి దిగిపోయింది. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురి కారు కొట్టాయం జిల్లాలో వానకు పొంగిన వాగులో మునిగింది. ఈ రెండు చోట్లా మనుషులు బతికి బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర అలా జరగలేదు. కొంత భాగం వరదకు కొట్టుకుపోయిన వంతెన మీదికి వెళ్లిన కారు నదిలో పడి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మ్యాపులో ఆ వంతెన నిక్షేపంగా ఉంది మరి!

ఎంత ఖరీదైన పరికరమైనా తెలియనివి కొన్ని ఉంటాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్‌రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాల్ని రానివ్వరు. కార్ల లెక్కన దారి చెప్పే పరికరం అటే పంపిస్తుంది. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రహదారి మీద కూడా 2023 ఆగస్టు నుంచి బైకులకు ప్రవేశం లేదు. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబరులో బైకుల కోసం విడిగా ఓ పద్ధతిని తెచ్చింది. ప్రపంచంలో దాన్ని మొదట ప్రవేశపెట్టింది మనదేశంలోనే. కాబట్టి కారు గుర్తు కాక బైకు గుర్తు ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9 గంటలకు మూస్తే తెల్లవారి 6 గంటలకే తెరుస్తారు. 'గమ్యం ఇంకో రెండు గంటలే' అని తెర చెబుతూనే ఉంటుంది... గేటు మాత్రం తెరుచుకోదు. ఇలాంటివి స్థానికుల్ని అడిగితేనే తెలుస్తాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు!

ఎవరికి ఏది?

ఏడాదికి ఒకట్రెండుసార్లు అరకో, శ్రీశైలమో వెళ్లొచ్చేవాళ్లకు ఫోన్, గట్టి క్లాంపు, డ్యాంపర్, ముందే దింపుకున్న మ్యాపు చాలు. ఇంట్లో మూలపడిన పాత ఫోన్ ఉంటే మరీ మంచిది. దారి చూడటానికి దాన్ని బిగించి, కొత్త ఫోన్‌ను జేబులో భద్రంగా ఉంచుకోవచ్చు. దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయితే నడిపేవాళ్ల ఏకాగ్రత చెడకూడదన్నది షరతు. అంటే చేతిలో పట్టుకుని నడిపితే జరిమానా తప్పదు.

లద్దాఖ్, స్పితి, ఈశాన్య రాష్ట్రాల్లాంటి చోట్లకు తరచూ వెళ్లేవాళ్లకు ప్రత్యేక పరికరం మీద పెట్టిన డబ్బు వృథా కాదు. అక్కడ కూడా ఫోన్‌లో ఇంకో మ్యాపు, బ్యాగులో ఓ కాగితం మ్యాపు ఉండాల్సిందే. ఒక్కదాన్నే నమ్ముకోకూడదన్నది అనుభవజ్ఞులైన బైకర్ల మొదటి సూత్రం. ఏది కొన్నా దాంతో ముందు తెలిసిన ఊరికి వెళ్లి రావాలి. తెలిసిన దారిలో అది ఎక్కడ తప్పు చెబుతోందో పట్టుకుంటే, తెలియని దారిలో దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఇంట్లో వాళ్ల కోసం...

'ఎక్కడున్నాడో ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటాడులే' అని అమ్మానాన్నలు ధీమాగా ఉండొచ్చు. లొకేషన్ షేరింగ్‌కు నెట్ కావాలి. కొండల్లో అది గంటల తరబడి ఆగిపోతుంది. అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు, బయల్దేరే ముందే ఈ నాలుగూ చూసుకుంటే చాలు.

* ఏ రోజు ఏ ఊళ్లో బస, ఏ దారిన ప్రయాణం అన్నది కాగితం మీద రాయించి ఇంట్లో ఉంచుకోవాలి. తోడు వెళ్లేవాళ్ల నంబర్లు, బండి నంబరు కూడా.

* రోజూ ఫలానా వేళకు ఫోన్ చేయాలి, ఫలానా వేళ దాటితే ఇంట్లోవాళ్లు వాకబు మొదలుపెట్టాలి అని ముందే అనుకోవాలి.

* లద్దాఖ్, జమ్మూకశ్మీర్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. జట్టులో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

* ఆపదలో 112కు ఫోన్ చేయాలి. అప్పుడు ఎక్కడున్నారో చెప్పడానికి అక్షాంశ రేఖాంశాలు ఉపయోగపడతాయి. నెట్ లేకపోయినా జీపీఎస్ వాటిని చూపిస్తుంది. ఎక్కడ నొక్కితే కనిపిస్తాయో ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లాలి.