మీకు తెలుసా? ఊలులో ఉష్ణోగ్రతల చరిత్ర

థర్మామీటరు లెక్కలను ఊలుతో అల్లి చూపించవచ్చు!

● 2017లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్త ఎలీ హైవుడ్ క్రోషేతో ఒక దుప్పటి అల్లారు. ఒక్కో వరుస ఒక్కో సంవత్సరం. ఆ ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రతను బట్టి దారం రంగు.

● 2018లో అక్కడి శాస్త్రవేత్తే అయిన ఎడ్ హాకిన్స్ రూపొందించిన నీలం, ఎరుపు చారల చిత్రం ‘వార్మింగ్ స్ట్రైప్స్’కు ఈ దుప్పటి ఒక ప్రేరణ.

● అమెరికాలో 2017లోనే మొదలైన టెంపెస్ట్రీ ప్రాజెక్ట్‌లో రోజుకో వరుస అల్లుతారు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతే రంగును నిర్ణయిస్తుంది. ఏడాదికి 365 వరుసలు!

● ఈ ప్రాజెక్ట్‌లో అందరూ వాడేది ఒకే రంగుల పట్టిక. అందుకే ఒకే ఊరికి చెందిన పాత ఏడాది అల్లికనూ కొత్త ఏడాది అల్లికనూ పక్కపక్కనే వేలాడదీసి పోల్చుకోవచ్చు. గ్రాఫులు చదవడం రాని పిల్లలకు కూడా వాతావరణ మార్పు ఇట్టే అర్థమవుతుంది.