నెంబరు చూసి ఫ్యాక్టరీ గుట్టు చెప్పొచ్చు

మన హనుమాన్ జంక్షన్ మీదగా పోయే 16వ నెంబరు హైవే మీదే, అటు కొరిశపాడు దగ్గర, అవసరమైతే యుద్ధ విమానాలు దిగటానికి రన్‌వే కట్టారు. 2022 డిసెంబర్ 29న ఒకసారి, 2024 మార్చి 18న ఇంకోసారి వాయుసేన అక్కడ ట్రయల్స్ చేసింది. ఆ వీడియోలు చూసినోళ్ళంతా స్పీడు గురించీ సౌండు గురించీ మాట్లాడారు. నేను మాత్రం విమానం ఒంటి మీద రాసిన నెంబరు చూడమంటా. ఆ నెంబర్లు నాలుగైదు దొరికితే చాలు, ఫ్యాక్టరీ గేటు దాటకుండానే లోపల ఎన్ని తయారయ్యాయో లెక్క కట్టొచ్చు.

ఇది ఊహ కాదు, యుద్ధంలో తేలిన లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకి ఎన్ని ట్యాంకులు చేస్తందో అమెరికా, బ్రిటన్‌లకి అంతుపట్టలేదు. 1941 జూన్‌లో నెలకి 1,550 అని గూఢచారుల కబురు. లెక్కలోళ్ళు పట్టుబడ్డ ట్యాంకుల గేర్‌బాక్సుల మీదా ఇతర భాగాల మీదా ఉన్న వరస నెంబర్లు రాసుకుని, 244 అని తేల్చారు. యుద్ధమయ్యాక జర్మనీ రికార్డులు తీస్తే అసలు సంఖ్య 271. 1942 ఆగస్టుకి కూడా గూఢచారులు 1,550 దగ్గరే ఉన్నారు. లెక్కలోళ్ళు 327 అన్నారు. రికార్డులో ఉంది 342.

ఎట్టా కట్టారో మన మామిడి యార్డు భాషలో చెప్తా. గేటు దగ్గర పొద్దున్నుంచి 1, 2, 3 అని వరసగా బళ్ళకి చీటీలు ఇస్తన్నారనుకోండి. యార్డులో అక్కడోటి ఇక్కడోటి ఐదు బళ్ళ చీటీలు చూశారు: 12, 25, 33, 47, 60. పెద్దది 60. అంటే కనీసం 60 బళ్ళు వచ్చినయ్. ఆ 60లో మీరు చూసినవి 5, చూడనివి 55. ఐదు నెంబర్లకి 55 ఖాళీలంటే, సగటున ఒక్కోదాని ముందు 11 ఖాళీ. 60 తరవాత కూడా అంతే ఖాళీ ఉంటుందనుకుంటే, మొత్తం 71. సూత్రం ఇంతే.

దీనితో ఏం పని అంటారా? ‘ఇయ్యాల 200 బళ్ళు దిగినయ్, రేటు లేదు’ అని ఎవరన్నా అంటే, కాయ తోలిన రైతు మొహం వేలాడేసుకుని ఒప్పుకోవాల్సిన పన్లేదు. నిజంగా 200 బళ్ళుంటే, ఎంచకుండా చూసిన ఐదు చీటీలూ 60 లోపే పడటం వెయ్యిసార్లలో రెండు సార్లే జరుగుద్ది. అదే 100 బళ్ళు అంటే, వందలో ఏడు సార్లు జరగొచ్చు. కాబట్టి 100 అన్నవాణ్ణి అబద్ధాలకోరు అనలేం, 200 అన్నవాణ్ణి మాత్రం చీటీ చూపించమని అడగొచ్చు.

‘సగటు తీసి రెట్టింపు చేస్తే సరిపోదా?’ అని కొందరు అడుగుతారు. పై ఐదింటికి ఆ పద్ధతిలోనూ సుమారు 70 వస్తది. కానీ చీటీలు 3, 5, 8, 11, 60 అనుకోండి. సగటు 17.4, రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే 33.8. 60వ చీటీ కళ్ళ ముందు పెట్టుకుని 34 బళ్ళే వచ్చినయ్ అంటే నవ్వరూ? ఇట్టాంటి మోటు అంచనాని, సమాచారం ఎక్కడ దాగుందో చూసి సానబెట్టే దారి 1945లో కలకత్తాలో ఒక తెలుగాయన రాశారు. ఆయనే సి.ఆర్.రావు. చిన్నప్పుడు మన నూజివీడులోనూ చదువుకున్నారు. దాన్ని ప్రపంచమంతా రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటది. ఆ సానరాయి మీద సగటు లెక్కని రుద్దితే వచ్చేది పైన మనం కట్టిన సూత్రమే. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మన విమానాల సంగతి. రఫేల్ ఒంటి సీటు వాటికి బీఎస్-001 నుంచి 028, రెండు సీట్ల వాటికి ఆర్‌బీ-001 నుంచి 008. 28కి 8 కలిపితే 36. 2016 ఒప్పందంలో వాయుసేన కోసం మనం ఫ్రాన్స్ దగ్గర కొన్నవి సరిగ్గా అన్నే. తేజస్ చూడండి. ఎల్ఏ-5001ని 2015 జనవరిలో వాయుసేనకి అప్పజెప్పారు. కొత్త రకం మార్క్-1ఏలో మొదటిది 2024 మార్చి 28న బెంగళూరులో ఎగిరింది. దాని నెంబరు ఎల్ఏ-5033. మధ్యలో తొమ్మిదేళ్ళు, 32 అంకెల తేడా. అంటే ఒంటి సీటు తేజస్‌లు ఏడాదికి మూడు, నాలుగు. ఎవరి ప్రసంగమూ వినకుండానే మన పని ఎంత నెమ్మదో నెంబరే చెప్పేసింది.

అయితే నెంబరు పడగానే విమానం దళంలో చేరినట్టు కాదు. మార్క్-1ఏకి అమెరికా నుంచి రావాల్సిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చికి గానీ అందలేదు. ఒళ్ళు తయారై, గుండె రాక ఆగిన బండి అది. ఇంకో తిరకాసు, నెంబర్లు ఎప్పుడూ ఒకటితో మొదలవ్వాలని లేదు, వరసలో ఉండాలనీ లేదు. శత్రువు ఎక్కువ అనుకోవాలని బ్రిటన్ వాయుసేన అప్పట్లో కావాలనే మధ్యలో నెంబర్లు వదిలేసేది. ఫోటోలతోనూ జాగ్రత్త. ఒకే విమానం పది ఫోటోల్లో ఉంటే అది పది కాదు, ఒకటే. పాత ఫోటోని కొత్తదని తిప్పితే లెక్కంతా తిరగబడుద్ది. ఎయిర్ షోలో పక్కపక్కన నిలబెట్టినవే చూస్తే, అవి ఎంచి పెట్టినవి, యార్డులో ఎంచకుండా చూసిన చీటీల్లాంటివి కాదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ‘ఫలానా దేశం నెలకి వంద జెట్లు దింపుతంది’ అని వాట్సాప్‌లో వస్తే, నెంబర్లేవి, తేదీలేవి, ఎక్కడ మొదలయ్యాయి అని అడగండి. జవాబు లేకపోతే ఫార్వర్డ్ చెయ్యమాకండి.

ఇదే లెక్క మనకీ తగులుద్ది. మనం చదవగలిగిన నెంబరు అవతలోడూ చదవగలడు. మీరు సరదాగా పెట్టిన ఒక్క ఫోటోలో నెంబరు, తేదీ, చోటు మూడూ ఉంటే, అలాంటివి ఓ పది కలిపితే, ఏ విమానం ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో పటం గీసుకోవచ్చు. 2025 ఏప్రిల్ 26న కేంద్రం సైనిక కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని ఛానళ్ళతో పాటు సోషల్ మీడియా వాడేవాళ్ళకీ చెప్పింది అందుకే. ప్రభుత్వమే చూపించిన కార్యక్రమంలో ఫోటో తీసుకోండి, తప్పులేదు. సరిహద్దు వేడెక్కిన రోజున, బేస్ గోడ పక్క నుంచి తీసింది మాత్రం ఫోన్లోనే ఉంచుకోండి.