పొడవైన మహిళలు, బరువు కాటా: తగ్గాల్సింది ఎంత, పెరగాల్సింది ఏది?

రైల్వే ప్లాట్‌ఫాం మీద రంగు లైట్లు వెలిగే బరువు యంత్రం చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాణెం వేస్తే చిన్న అట్టముక్క వచ్చేది. దాని మీద బరువు ఉండేది, పక్కనే జాతకం కూడా ఉండేది. ఎత్తు మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు ఇంటింటికీ డిజిటల్ కాటాలు వచ్చాయి, అయినా మన ఆలోచన ఆ అట్టముక్క దగ్గరే ఆగిపోయింది. బరువు ఎంత అని అడుగుతాం గానీ, ఎంత ఎత్తుకు ఆ బరువు అని అడగం. ఈ మరపు వల్ల ఎక్కువగా నష్టపోయేది సగటు కంటే పొడవుగా ఉన్న మహిళలు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఈ విషయానికి మరో కోణం కూడా ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇది పెద్ద జంక్షన్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. రాయ్‌పూర్-విజయనగరం మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలిపింది. రైలు పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్నాయి. ఈ ఇళ్లలోని ఆడపిల్లలు చాలామంది రైల్వే ఉద్యోగానికి సిద్ధమవుతుంటారు. రైల్వే లెవెల్-1 ఉద్యోగాల శారీరక పరీక్షలో మహిళా అభ్యర్థి 20 కిలోల బరువును కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. 1000 మీటర్లను 5 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాలి. రెండింటికీ ఒక్కటే అవకాశం. ఆ పరీక్షలో కాటా మీది అంకెను ఎవరూ అడగరు, శరీరంలోని బలాన్నే అడుగుతారు.

ఒకే అంకె, రెండు అర్థాలు

భారతదేశంలో వయోజన మహిళల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు. 173 సెంటీమీటర్లు (5 అడుగుల 8 అంగుళాలు) ఉన్న మహిళ ఎక్కడికి వెళ్లినా ప్రత్యేకంగా కనిపిస్తుంది. ఈ ఇద్దరినీ ఉదాహరణగా తీసుకుందాం.

ఎత్తుకు తగ్గ బరువును అంచనా వేయడానికి వాడే కొలత బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే అది వస్తుంది. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా వైద్యులు పరిగణిస్తూ వచ్చారు. 18.5 కంటే తగ్గితే బరువు చాలనట్టు. ఈ లెక్కన 152 సెంటీమీటర్ల మహిళకు 23 హద్దు సుమారు 53 కిలోల దగ్గర వస్తుంది. 173 సెంటీమీటర్ల మహిళకు అదే హద్దు సుమారు 69 కిలోలు. తేడా దాదాపు 16 కిలోలు.

ఆడవాళ్లు 50, 55 కిలోలు ఉంటే చక్కగా ఉన్నట్టని ఇళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. 173 సెంటీమీటర్ల మహిళ 55 కిలోలకు దిగితే ఆమె బీఎంఐ 18.4. అంటే పొట్టి స్నేహితురాలికి లక్ష్యంగా కనిపించే అంకె ఆమె విషయంలో పోషకాహార లోపానికి గుర్తు.

బీఎంఐ పొడవైనవారికి అన్యాయం చేస్తుందా?

బీఎంఐ సూత్రానికి మూలం 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే చేసిన పరిశీలన. ఆయన దాన్ని ఊబకాయాన్ని కొలవడానికి తయారు చేయలేదు. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలనుకున్నాడు. ఆ నిష్పత్తికి బీఎంఐ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం రాసిన పరిశోధనా పత్రంతో స్థిరపడింది.

ఎత్తు పెరిగినప్పుడు శరీరం ఒక్క పొడవులోనే పెరగదు, వెడల్పు, మందం కూడా కొంత పెరుగుతాయి. అందుకే ఎత్తును వర్గం చేస్తే సరిపోదని, 2.5 ఘాతం వాడాలని 2013లో ఆక్స్‌ఫర్డ్ గణిత శాస్త్రవేత్త నిక్ ట్రెఫెథెన్ సూచించారు. ఆ లెక్క ప్రకారం మన 173 సెంటీమీటర్ల మహిళ బీఎంఐ 23 నుంచి 22.7కి మారుతుంది. 152 సెంటీమీటర్ల మహిళది 23 నుంచి 24.3కి పెరుగుతుంది.

అంటే పాత సూత్రం పొడవైనవారిని కాస్త ఎక్కువ లావుగా చూపిస్తున్న మాట నిజమే, కానీ ఆ తేడా చాలా చిన్నది. పొడవుగా ఉన్నాను కాబట్టి నాకు బీఎంఐ వర్తించదని 28, 30 అంకెలను కొట్టిపారేయడానికి ఇది చాలదు.

బీఎంఐకి ఉన్న అసలు లోపం వేరు. కొవ్వు ఎంత, కండరం ఎంత, కొవ్వు ఎక్కడ పేరుకుంది అన్నది అది చెప్పలేదు. ఆ పని టేపు చేస్తుంది. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదన్నది తేలికైన నియమం. 173 సెంటీమీటర్లకు ఆ హద్దు 86 సెంటీమీటర్లు దాటుతుంది. దక్షిణాసియా మహిళలందరికీ ఎత్తుతో సంబంధం లేకుండా వైద్యులు వాడే హద్దు 80 సెంటీమీటర్లు. మీ కొలత ఈ రెండింటి మధ్య ఉంటే ఏ నియమం గొప్పదని వాదించుకోవడం కంటే రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

1200 కేలరీల చార్టు అందరిదీ కాదు

వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టుల్లో 1200 కేలరీలు అనేది మంత్రంలా కనిపిస్తుంది. మా వదిన దీంతోనే తగ్గిందని ఎవరో పంపుతారు. ఆ వదిన ఎత్తెంత?

ఏమీ చేయకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కండరాలు శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. ఈ ఖర్చును అంచనా వేయడానికి 1990లో అమెరికాలో రూపొందిన మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రాన్ని ఎక్కువగా వాడతారు. 38 ఏళ్లు, 60 కిలోలు, 152 సెంటీమీటర్లు ఉన్న మహిళకు అది రోజుకు సుమారు 1200 కేలరీలు చూపిస్తుంది. అదే వయసులో 78 కిలోలు, 173 సెంటీమీటర్లు ఉన్న మహిళకు సుమారు 1510. ఇద్దరి బీఎంఐ ఒకటే, 26. భారతీయుల్లో అసలు ఖర్చు ఈ సూత్రం చెప్పేదానికంటే కొంత తక్కువ ఉండవచ్చు. అయినా ఇద్దరి మధ్య తేడా మాత్రం నిలుస్తుంది.

తక్కువ శ్రమ ఉండే రోజుల్లో మొత్తం ఖర్చు దీనికి 1.4 రెట్లు అనుకుంటే మొదటి మహిళకు సుమారు 1680, రెండో మహిళకు సుమారు 2110 కేలరీలు. ఇద్దరూ 1200 కేలరీల చార్టే పాటిస్తే మొదటి ఆమెకు రోజూ 480 కేలరీల లోటు పడుతుంది. అది భరించదగినదే. రెండో ఆమెకు లోటు 900 దాటుతుంది. నీరసం, చిరాకు, రాత్రి పదింటికి డబ్బాలో చేగోడీల మీద దాడి, ఆ తర్వాత నాకు మనోబలం లేదన్న బాధ. నిజానికి లోపం మనోబలంలో లేదు, చార్టులో ఉంది. ఆమె సుమారు 1600 కేలరీలు తింటూ కూడా 500 లోటుతో నిలకడగా తగ్గగలదు.

తగ్గేది కొవ్వా, కండరమా?

వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కాకుండా కండరాల వంటి కణజాలం ఉంటుందని పోషకాహార శాస్త్రంలో ఒక స్థూల అంచనా. 12 కిలోలు తగ్గితే 3 కిలోలు అటువైపు నుంచి పోయినట్టే. బరువులతో వ్యాయామం, చాలినంత ప్రొటీన్ ఉంటే ఈ నష్టం బాగా తగ్గుతుంది.

రైల్వే శారీరక పరీక్షకు సిద్ధమయ్యే అమ్మాయికి దీని అర్థం సూటిగా తెలుస్తుంది. 50 కిలోల అమ్మాయికి 20 కిలోల బస్తా తన బరువులో 40 శాతం. 66 కిలోలున్న 173 సెంటీమీటర్ల అమ్మాయికి అది 30 శాతమే. పొడవు ఇక్కడ ఆమెకు కలిసొచ్చే అంశం. సన్నబడాలని తిండి మానేసి 54 కిలోలకు దిగితే అదే బస్తా 37 శాతం అవుతుంది. మోయాల్సిన కండరం కూడా తగ్గిపోయి ఉంటుంది.

ఒక అపోహను కూడా సరిచేసుకోవాలి. కండరం పెరిగితే కూర్చున్నచోటే కేలరీలు దండిగా కరిగిపోతాయని ప్రచారం ఉంది. విశ్రాంతిలో కిలో కండరం రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు, కిలో కొవ్వు సుమారు 4.5. తేడా ఉంది గానీ అద్భుతమేమీ కాదు. కండరం వల్ల అసలు లాభాలు వేరు. అది రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకుంటుంది. ఎముకలపై తగినంత ఒత్తిడి కలిగించి వాటిని గట్టిగా ఉంచుతుంది. వయసు పైబడ్డాక మెట్లెక్కే, పడిపోకుండా నిలదొక్కుకునే శక్తినిస్తుంది.

బరువులెత్తితే మగవారిలా తయారవుతామన్న భయానికీ ఆధారం లేదు. కండరాలను భారీగా పెంచే టెస్టోస్టిరాన్ మహిళల్లో చాలా తక్కువ. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ స్థాయికి ఏళ్ల తరబడి కఠోర సాధన కావాలి, వారానికి రెండు రోజుల వ్యాయామంతో ఎవరూ పొరపాటున అలా తయారైపోరు. పొడవు బలానికి అడ్డు కాదనడానికి పి.వి. సింధు ఉన్నారు. సుమారు 179 సెంటీమీటర్ల ఎత్తున్న ఆమె 2019లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవారు, రైల్వేలో పనిచేసినవారు.

పొడవైన ఎముకల లెక్క

మన చేతులు, కాళ్లు మీటల్లా పనిచేస్తాయి. కీలు నుంచి బరువు ఎంత దూరంలో ఉంటే కండరం అంత ఎక్కువ బల భ్రామకాన్ని తట్టుకోవాలి. తొడ ఎముక పొడవు ఎత్తులో సుమారు 27 శాతం. 152 సెంటీమీటర్ల మహిళకు అది దాదాపు 41 సెంటీమీటర్లు, 173 సెంటీమీటర్ల మహిళకు దాదాపు 46. గుంజీ తీసేటప్పుడు ఆమె తుంటి వెనక్కి ఎక్కువ దూరం వెళ్తుంది, పడిపోకుండా ఉండటానికి నడుము ముందుకు ఎక్కువ వంగుతుంది. బరువు పైకి ప్రయాణించే దూరం కూడా సుమారు 14 శాతం ఎక్కువ.

అందుకే పొట్టివారు నిటారుగా తీసే గుంజీని చూసి, నాకు రావడం లేదని పొడవైనవారు నిరుత్సాహపడనక్కర్లేదు. శరీర నిష్పత్తికి తగ్గట్టు భంగిమను మార్చుకోవాలి:

- పాదాలను భుజాల కంటే కాస్త వెడల్పుగా పెట్టి, వేళ్లను కొద్దిగా బయటికి తిప్పండి. మోకాళ్లు వేళ్ల దిశలోనే వంగాలి.
- మొదట కుర్చీ మీద కూర్చుని లేవడంతో ప్రారంభించండి. కుర్చీ ఎత్తు చాలకపోతే గట్టి దిండు వేసుకోండి.
- నేల మీది బరువును ఎత్తేటప్పుడు దాన్ని ఇటుకల మీదో పీట మీదో ఉంచండి. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి.
- వంటగట్టు పొట్టిగా ఉంటే కూరలు తరిగే పలక కింద మందపాటి చెక్క పెట్టండి. రోజంతా వంగి పనిచేసే నడుముకు సాయంత్రం వ్యాయామం భారమవుతుంది.

వారానికి రెండు మూడు రోజులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక వంటి వ్యాయామం చేయాలి. దానితోపాటు కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం కావాలి. చాలామంది మొదటిది చేసి రెండోదాన్ని వదిలేస్తారు.

జిమ్ లేకపోయినా ఐదు కదలికలు చాలు. కుర్చీ నుంచి లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, సాగే బ్యాండును ఛాతీ వైపు లాగడం, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి సంచిని ఎత్తడం, రెండు చేతుల్లో బియ్యం సంచులు పట్టుకుని నడవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. ప్రతి విడత చివర ఇంకో రెండుసార్లు చేయగలననిపించే దగ్గర ఆపాలి. 12 సార్లు సులువైపోతే బరువు కొద్దిగా పెంచాలి. సంచుల నడక 5 కిలోలతో మొదలై క్రమంగా పెరిగితే 20 కిలోల పరీక్షకు అదే సాధన. బిలాస్‌పూర్ మే ఎండల్లో ఇదంతా సూర్యుడు పైకి రాకముందే ముగించుకోవాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు నిద్ర తర్వాతే చేయాలి.

పళ్లెంలో ఏముండాలి?

ఛత్తీస్‌గఢ్ వరి పండే నేల. ఇరుగుపొరుగు ఇళ్లలో బోరే బాసి, మన ఇళ్లలో చద్దన్నం. అన్నాన్ని శత్రువుగా చూడనక్కర్లేదు, దాని పక్కన ప్రొటీన్ తక్కువ కావడమే సమస్య. సాధారణంగా కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ను భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తున్నాయి. బరువు తగ్గుతూ బలం పెంచుకునేవారికి 1.2 గ్రాములు, ఆపైన మేలు. ఉండాల్సిన బరువు 69 కిలోలైతే రోజుకు సుమారు 80 గ్రాములు.

ఉదయం రెండు గుడ్లు, గ్లాసు పాలతో సుమారు 20 గ్రాములు. మధ్యాహ్నం అన్నంలో చిక్కటి పప్పు, కప్పు పెరుగుతో మరో 20. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు, కొన్ని వేరుశనగలతో 15. రాత్రి రెండు చపాతీలు, బుధవారీ బజార్‌లో కొన్న చేప ముక్కలతోనో మీల్‌మేకర్ కూరతోనో సుమారు 25.

ముందుగా ఎవరు వైద్యులను కలవాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాస్త శ్రమకే ఆయాసం వస్తుంటే బద్ధకమని తిట్టుకునే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్, పీసీఓఎస్, అధిక రక్తపోటు, గుండె జబ్బు, నడుము లేదా మోకాళ్ల నొప్పి ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు వైద్య సలహాతోనే మొదలుపెట్టాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ప్రొటీన్ పెంచే ముందు తప్పనిసరిగా అడగాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు.

వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గడం మంచి వేగం. 78 కిలోల మహిళకు అది 400 నుంచి 800 గ్రాములు. మొత్తం బరువులో 5 శాతం, అంటే దాదాపు 4 కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడటం మొదలవుతుంది. నెలకోసారి మూడు అంకెలు రాసుకోండి: బరువు, నడుము చుట్టుకొలత, ఆగకుండా మోయగలిగిన బరువు. కాటా కదలకపోయినా నడుము తగ్గి, మోసే బరువు పెరిగితే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు.