మొక్క మాయమైతే... దొంగను పట్టించేది ఏది?

దక్షిణ అండమాన్‌లోని ప్రోతరాపూర్ పేరు చెప్పగానే దీవుల్లో చాలామందికి గుర్తొచ్చేది జిల్లా జైలు. పోర్ట్ బ్లెయిర్‌ను (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) ఆనుకుని ఉన్న ఊరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైగానే ఉన్నారు. వీరిలో చాలా కుటుంబాల మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. సముద్రం దాటి వచ్చినా పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకునే అలవాటు పోదు. కరివేపాకు, మునగ, వంగ, మిరప, తమలపాకు తీగ, ఓ మూల కనకాంబరం... కూరగాయల్లో కొంత భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాల్సిన చోట పెరటి మడికి ఉండే విలువ వేరు.

అలాంటి మడిలో రాత్రికి రాత్రి మొక్కలు మాయమైతే? ముందుగా అనుమానం వెళ్లేది గోడ అవతలి మనిషి మీదకి. తర్వాత మాటా మాటా పెరుగుతుంది. వంగ నారు ఖరీదు పది రూపాయలే కావచ్చు, పోయిన సఖ్యత అంత తేలిగ్గా తిరిగి రాదు. అందుకే నేరస్థల పరిశోధకులు మొట్టమొదట వేసుకునే ప్రశ్నను తోట యజమానీ వేసుకోవాలి. అసలు ఇది దొంగతనమేనా?

ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మిగిలిన కాడ చివర్లోనే ఉంటుంది. దుప్పికి, ఆవుకు, మేకకు పైదవడ ముందుభాగంలో కొరికే పళ్లు ఉండవు. అక్కడ గట్టి చర్మపు మెత్త మాత్రమే ఉంటుంది. కింది పళ్లను దానికి అదిమి కాడను పట్టుకుని లాగుతాయి. అందుకే అవి మేసిన కొమ్మ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. ఎలుకకు పైనా కిందా ఉలి లాంటి పళ్లున్నాయి. అది కొరికిన కాడ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా కనిపిస్తుంది. మనిషి వాడే కత్తెరదీ నున్నటి కోతే, కానీ దాని ఎత్తు చూడాలి. నేల నుంచి రెండంగుళాల ఎత్తులో వరుసగా పది మొక్కలు తెగిపోతే మనిషి కంటే ఎలుకను అనుమానించడమే న్యాయం. వేళ్లతో సహా, చుట్టూ మట్టిగడ్డతో మొక్క లేచిపోయి నేలలో గుంట మాత్రమే మిగిలితే అప్పుడు మనిషి గురించి ఆలోచించవచ్చు.

అండమాన్ పెరళ్లలో ఈ అనుమానితుల జాబితాలో ఇద్దరు పరదేశీయులున్నారు. ఒకటి చుక్కల దుప్పి. ఈ దీవుల్లో అది సహజంగా ఉండే జంతువు కాదు, బ్రిటిష్ వారు తెచ్చి వదిలారు. పులి, చిరుత లేని అడవుల్లో దానిని అదుపు చేసేవి లేకపోయాయి. అడవి అంచు ఊళ్లలో పంటల మీద పడుతుంది, అడవిలో లేత మొలకలను మేసేస్తుంది. రెండోది ఆఫ్రికా రాక్షస నత్త. తూర్పు ఆఫ్రికాకు చెందిన ఈ నత్తను 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చింది డబ్ల్యూ. హెచ్. బెన్సన్ అనే నత్తల పరిశోధకుడు. ఒక పెద్దమనిషి కుతూహలం ఉపఖండానికి ఎంత ఖర్చు తెచ్చిందో లెక్క కట్టడం కష్టం. అండమాన్‌కు మాత్రం అది రెండో ప్రపంచ యుద్ధంలో, 1942-45 మధ్య జపాన్ ఆక్రమణ కాలంలో చేరిందని చెబుతారు.

ఈ నత్త నోట్లో 'రాడ్యులా' అనే అవయవం ఉంటుంది. ఆకురాయి మీద గరుకు పళ్లలా వేలాది సూక్ష్మమైన పళ్లున్న నాలుక లాంటిది. దానితో ఆకును కొరకదు, గీకి తింటుంది. లేత నారైతే తెల్లారేసరికి ఆనవాలు కూడా మిగలదు. పగలంతా రాళ్ల కింద, ఎండుటాకుల కింద దాక్కుని తేమగా ఉన్న రాత్రుల్లో బయటికొస్తుంది కాబట్టి ఇంటివాళ్ల కంటపడేది తక్కువ. ఒకే నత్తలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. ఒక విడతలో వంద నుంచి నాలుగు వందల వరకు గుడ్లు పెట్టగలదు. ఏడాదిలో సగానికి పైగా వానలుండే అండమాన్ దానికి అత్తారిల్లే. అయితే ఈ దొంగ తన సంతకాన్ని అక్కడే వదిలి వెళుతుంది. ఆరిన జిగురు చార పొద్దుటి వెలుగులో వెండి గీతలా మెరుస్తుంది. మడి చుట్టూ ఆ గీత కనిపిస్తే పొరుగువారితో గొడవ అనవసరం. రాత్రి టార్చిలైటుతో వెళ్లి ఏరిపారేయడమే ఇప్పటికీ పనికొచ్చే ఉపాయం. కాకపోతే వట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక నులిపురుగుకు ఈ నత్త ఆశ్రయమిస్తుంది. ఆ పురుగు పిల్లలు మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. నత్త పాకిన ఆకుకూరలను బాగా కడిగి, ఉడికించి తినాలనేదీ ఇందుకే.

సరే, జిగురు చార లేదు, గిట్టల గుర్తు లేదు, గుంట మాత్రం ఉంది. అప్పుడు ఇది నిజంగానే దొంగతనం. ఇక్కడ చట్టంలో ఒక చిత్రమైన మెలిక ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 378వ సెక్షన్ ప్రకారం నేలకు అంటుకుని ఉన్నంతసేపు చెట్టు 'దొంగిలించదగిన వస్తువు' కాదు. నేల నుంచి వేరు చేసిన క్షణంలోనే అది చరాస్తి అవుతుంది, ఆ క్షణంలోనే దొంగతనమూ అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కూడా ఈ వివరణను అలాగే నిలుపుకుంది. కుండీలోని మొక్కకు ఈ తిప్పలు లేవు, అది మొదటి నుంచీ చరాస్తే. కొత్త చట్టంలో మరో సంగతి చేరింది. దొంగిలించిన దాని విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి దోషిగా తేలిన వ్యక్తి ఆ వస్తువునో దాని విలువనో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. పెరటి మొక్కల కేసులు చాలావరకు ఈ గీత లోపలే ఉంటాయి.

చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. పక్క వీధిలో కనిపించిన మల్లె పొద మీదేనని ఎలా నిరూపిస్తారు?

డీఎన్‌ఏ పరీక్ష అని వెంటనే తోస్తుంది. ఒక హత్య కేసులో అది పనిచేసిన మాట వాస్తవం. 1992లో అమెరికాలోని అరిజోనాలో ఒక మహిళ శవం దొరికిన చోట పాలో వెర్డీ అనే ఎడారి చెట్టు ఉంది. అనుమానితుడి ట్రక్కులో ఆ జాతి చెట్టు కాయలు దొరికాయి. అవి ఆ చెట్టువేనా? అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హెలెంజారిస్ చుట్టుపక్కల చెట్ల డీఎన్‌ఏతో పోల్చి, కాయలు ఆ చెట్టుకే సరిపోతున్నాయని చూపించారు. కాయ పైతొక్క తల్లి చెట్టు కణజాలమే కాబట్టి దాని డీఎన్‌ఏ తల్లిదే. ఒక క్రిమినల్ కేసులో మొక్క డీఎన్‌ఏ సాక్ష్యంగా నిలవడం అదే తొలిసారి.

పెరట్లో మాత్రం ఈ అస్త్రం మొద్దుబారుతుంది. ఎడారిలో ఒక్కో చెట్టు ఒక్కో విత్తనం నుంచి మొలిచింది, అందుకే ఒక్కోదానికి ఒక్కో ముద్ర. పెరటి మల్లె కొమ్మ నాటితే వచ్చింది. అరటి పిలక నుంచి వచ్చింది. మామిడి, జామ అంటు కట్టినవి. ఇవన్నీ క్లోన్‌లు, అంటే తల్లి మొక్కకు అచ్చమైన నకళ్లు. ఒకే నర్సరీ నుంచి ఇద్దరు కొన్న జామ అంట్లకు దాదాపు ఒకే డీఎన్‌ఏ ఉంటుంది. పరీక్ష 'సరిపోయింది' అని చెప్పినా, ఎవరి మొక్క ఎవరిదన్నది తేలదు. ఒకే ప్యాకెట్‌లోని హైబ్రిడ్ మిరప గింజలదీ ఇంచుమించు ఇదే కథ. గింజ నుంచి మొలిచిన వేప పోతే మటుకు కొంత ఆశ ఉంది.

పుట్టుకను బట్టి తేలకపోతే పెరిగిన చోటును బట్టి తేల్చవచ్చా? దక్షిణాఫ్రికాలో సైకడ్‌ల విషయంలో ఈ దారి ప్రయత్నించారు. డైనోసార్ల కాలం నుంచి ఉన్న ఈ మొక్కలను అడవి నుంచి పెకలించి ధనికుల తోటలకు అమ్మే ముఠాలున్నాయి. తోటలో దొరికిన మొక్కను 'నర్సరీలో పెంచిందే' అని యజమాని బుకాయిస్తాడు. మొక్కల్లో మైక్రోచిప్‌లు పెట్టి చూశారు, దొంగలు వాటిని వెతికి తీసేశారు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొక్క తన ఒంట్లో తానే రాసుకున్న చిప్‌ను చదివారు. సైకడ్ కాండం మీద పాత ఆకుల మొదళ్లు ఏళ్ల వరుసలో పేర్చినట్టు మిగిలి ఉంటాయి. వాన నీటిలోని బరువైన ఆక్సిజన్-18 నిష్పత్తి ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది, తాగిన నీటి ముద్ర ఆ కణజాలంలో పడుతుంది. ఏ ఆకు మొదలు ఏ కాలానిదో తేల్చడానికి అణుబాంబులు సాయపడ్డాయి. 1950లు, 60ల తొలినాళ్లలో గాలిలో జరిపిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపై, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏటి గాలిని పీల్చి పెరిగిన కణజాలంలో ఆ ఏటి మోతాదే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే మొక్క ఎప్పుడు చోటు మారిందో తెలుస్తుంది. 2014లో వెలువడిన ఆ పరిశోధన మానవాళి చేసిన ఓ తప్పిదాన్ని గడియారంగా వాడుకుంది. కానీ ప్రోతరాపూర్‌లో గోడకు ఇటూ అటూ కురిసేది ఒకే వాన. పొరుగింటి దొంగ ముందు ఈ పద్ధతీ చేతులెత్తేస్తుంది.

తెలుగువారికి బాగా తెలిసిన మొక్కల దొంగతనం పెరటిది కాదు, శేషాచలానిది. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి అది సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అండమాన్‌కు దీనితో ఒక చుట్టరికం ఉంది. దీవుల అధికారిక వృక్షం అండమాన్ పడౌక్, ఎర్రచందనం, మన వేగిస చెట్టు మూడూ టెరోకార్పస్ ప్రజాతివే. దుంగగా మారాక బంధువులను విడదీయడం కష్టమవుతుంది. ఆఫ్రికాలోని టెరోకార్పస్ టింక్టోరియస్ కలప ఎర్రచందనాన్ని ఎంతగా పోలి ఉంటుందంటే దాన్ని దీని పేరుతో అమ్మేస్తుంటారు. చివరికి 2019లో దానినీ సైటీస్ జాబితాలో చేర్చారు. కలపను నీటిలో వేస్తే మునుగుతుందా అన్న పాత పరీక్షతో మొదలుపెట్టి, సూక్ష్మదర్శినిలో నాళాల అమరిక, డీఎన్‌ఏ బార్‌కోడ్, పొడి నుంచి వెలువడే రసాయనాల ద్రవ్యరాశిని కొలిచే స్పెక్ట్రోమీటర్ వరకు అనేక పద్ధతులు వచ్చాయి. వాటికి ఆధారం డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఉన్నటువంటి కలప నమూనాల భాండాగారాలు. పోల్చడానికి అసలైన ముక్క లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా మూగదే.

అసలైన ముక్క విలువ 1935లో అమెరికా కోర్టు ఒకటి కళ్లారా చూసింది. లిండ్‌బర్గ్ శిశువు అపహరణ కేసులో ఆర్థర్ కోలర్ అనే కలప నిపుణుడు నేరానికి వాడిన నిచ్చెనలోని ఒక చెక్క నిందితుడి అటక పలక నుంచే కోసిందని వార్షిక వలయాలు, మేకు రంధ్రాల ఆధారంగా చూపించారు. పెరటి యజమానికి నేరుగా పనికొచ్చేదీ ఇదే పద్ధతి. దొంగ కొమ్మను విరిచి పట్టుకుపోతే, తల్లి మొక్క మీద మిగిలిన మోడు చివరను కోసి, ఎండబెట్టి, కాగితంలో చుట్టి ఉంచాలి. విరిగిన రెండు అంచులు తాళం, చెవిలా ఒకదానికొకటి కూర్చుంటే దానికి మించిన సాక్ష్యం ఉండదు. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. అంటు కట్టిన చోటి వంకర, పాత గాయం, కొమ్మలు చీలిన తీరు కనిపించేలా ముందే తీసిపెట్టుకున్న ఫొటో కూడా డీఎన్‌ఏ కంటే నమ్మకంగా మాట్లాడుతుంది. క్లోన్‌ల జన్యువులు ఒకటే అయినా మచ్చలు ఒకటి కావు.

క్లోన్‌కు మరో గుణమూ ఉంది. 2014 జనవరిలో లండన్ క్యూ ఉద్యానవనంలో ప్రపంచంలోకెల్లా చిన్న కలువ 'నింఫియా థెర్మారమ్' మొక్క ఒకటి చోరీ అయింది. రువాండాలో అది పుట్టిన వేడినీటి ఊట దగ్గర అప్పటికే కనుమరుగైన జాతి. దాన్ని విత్తనం నుంచి పెంచే కిటుకును క్యూ ఉద్యానవన నిపుణుడు కార్లోస్ మగ్దలీనా అంతకు ఐదేళ్ల ముందే కనిపెట్టి, దండిగా మొక్కలు పెంచడం వల్ల ఆ రోజు ఒక మొక్క పోయిందే గాని జాతి పోలేదు. మల్లెకైతే ఆ శ్రమ కూడా లేదు. వానలు మొదలైన వారంలో జానెడు కొమ్మలు నాలుగు కోసి, రెండు పెరట్లో, రెండు గోడ అవతలి ఇంట్లో నాటితే చాలు. నత్తలు రాకుండా మొదటి పది రాత్రులు కాస్త కాపు కాయాలి.