ఎజైల్ పద్ధతి: విడతలవారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణం

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి, కడప వరకు సుమారు 300 కిలోమీటర్లు సాగే కె.సి. కాలువను మన విద్యార్థులు ఎరుగుదురు. 1860 దశకంలో ఒక ఆంగ్ల కంపెనీ దీనిని తవ్వించినది. రైతులకు నీరు అమ్మి, పడవలు నడిపి లాభం గడించవచ్చునని దాని అంచనా. తీరా కాలువ పూర్తి అయిన తరువాత నీరు కొనేవారు కరువైనారు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతుకు, వాన సరిగా కురిసిన ఏడు కాలువనీటితో పని లేదు. కంపెనీ నష్టాల పాలైనది. 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. వాడుకరి అవసరం ఏమిటో పని ముగిసిన తరువాత తెలియడంవల్ల కలిగిన నష్టమిది.

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో కూడ ఇదే చిక్కు కలదు. కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞల సముదాయమే సాఫ్ట్‌వేర్. అవసరాలన్నీ ముందే వ్రాసుకొని, రూపకల్పన చేసి, ఆజ్ఞలు వ్రాసి, చివర పరీక్షించడం ఒక పద్ధతి. పని ఒక మెట్టు నుండి క్రింది మెట్టుకే సాగుతుంది గనుక దీనిని జలపాత పద్ధతి అంటారు. పరీక్షను చివరకు మిగల్చడం ప్రమాదకరమని 1970లోనే విన్‌స్టన్ రాయిస్ హెచ్చరించినాడు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై ఒక ప్రకటన వెలువరించినారు. ఎజైల్ అనే పేరు అప్పుడు స్థిరపడినది. ఎజైల్ అనగా చురుకైనది. పత్రాలు, ప్రణాళికలు అక్కరలేదని కాదు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు, మార్పుకు తగినట్లు నడవడానికి అంతకంటె ఎక్కువ విలువ ఇవ్వాలని దాని సారాంశం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పాఠశాలకు మార్కుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కావాలి. మొదటి రెండు వారాలలో ఒకే తరగతి మార్కులు ఎక్కించే భాగం తయారుచేసి ఉపాధ్యాయునికి ఇస్తారు. ఆయన వాడి చూసి, "పరీక్షకు రాని పిల్లవానికి సున్న పడుతున్నదే! సున్న వేరు, గైరుహాజరు వేరు కదా!" అంటాడు. అప్పుడే తెలిస్తే దిద్దడం స్వల్పమైన పని. అన్ని తరగతులకూ సిద్ధమైన తరువాత తెలిస్తే సగటులు, ర్యాంకులు, నివేదికలు అన్నీ తిరగదోడవలసినదే. తరువాతి విడతలో ఆ దిద్దుబాటుతోపాటు మరొక భాగం చేరుతుంది. స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతిలో ఇటువంటి విడతను స్ప్రింట్ అంటారు. అది ఒక నెలకు మించరాదు.

అయితే ఈ పద్ధతి అన్నింటికీ తగదు. ఆనకట్టను సగం కట్టి వాడి చూడలేము. కట్టిన రాతిని కదిలించడం కష్టం. వ్రాసిన ఆజ్ఞను మార్చడం అంతకంటె సులభం. ఆ సౌలభ్యమే ఎజైల్ పద్ధతికి ఆధారం. పొరపాటు అసలే జరగకుండా చూడడం ఎవరి తరమూ కాదు. అది చిన్నదిగా ఉన్నప్పుడే వాడుకరి కంట పడేటట్లు చేయడం మాత్రం సాధ్యమే.